నీళ్లలో బర్రె బేరం

అంగట్లో కోడెను కొనే రైతును ఎప్పుడైనా నిలబడి చూశారా? ముందు దూరం నుంచి నడక చూస్తాడు. దగ్గరికొచ్చి మూతి పట్టుకొని పెదవి ఎత్తి పళ్లు లెక్కపెడతాడు. సుడులు ఎక్కడున్నాయో అరచేత్తో తడుముతాడు. గిట్టలు చూస్తాడు. వీలైతే అరక కట్టించి నాలుగు చాళ్లు దున్నించి చూశాకే బయానా చేతిలో పెడతాడు. అమ్మేవాడు "నా మాట నమ్ము పటేలా" అంటుంటే తల ఊపుతూనే ఉంటాడు, చూసుడు మాత్రం ఆపడు. బర్రెను నీళ్లలో పెట్టి బేరమాడినట్టు అని పెద్దలు ఊరికే అనలేదు. నీళ్లలో ఉన్న బర్రెకు కొమ్ములు కనిపిస్తాయి, పొదుగు కనిపించదు.

భూమి కాడికొస్తే ఈ చూపు ఇంకా పదునెక్కుతుంది. జనగామ దగ్గర హైదరాబాద్-వరంగల్ రోడ్డు వెంట ఎకరం బేరం కుదిరిందంటే కొనేవాడు పాత పహాణీలన్నీ తీయిస్తాడు, లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు, ఈసీలో బ్యాంకు అప్పు ఉందేమో చూస్తాడు. అక్కడితో ఊరుకోడు. పొలం మీదికి పోయి, గట్టు పక్క చేనాయనతో బీడీ ముట్టించి మాట కలుపుతాడు. "ఆడబిడ్డల సంతకాలైనయా?" అన్న అసలు ప్రశ్న బయటికొచ్చేది అక్కడే. సాదాబైనామా కాగితం పట్టుకొని ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ఈ జాగ్రత్త దెబ్బలు తిని నేర్చుకున్నది. 2020 అక్టోబర్‌లో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని జాగాలోకి భూభారతి వచ్చింది. గట్టు మీదికి పోయి అడగడం మాత్రం ఎవరూ మానలేదు. మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ, గంగారం వైపు భూమి అనగానే, ఏజెన్సీ భూముల బదిలీని కట్టడి చేసే చట్టాన్ని తలుచుకొని, "వన్ ఆఫ్ సెవెంటీ కిందికి వస్తదా?" అని చదువురానివారు కూడా అడుగుతారు. భూపాలపల్లిలో ఇల్లు కట్టుకునేవారు సింగరేణి ఓపెన్‌కాస్ట్ ఎటు పెరుగుతుందో ముందే కనుక్కుంటారు. మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు 2023 అక్టోబర్‌లో కుంగింది ఆ జిల్లాలోనే కాబట్టి, పునాది చూడమని వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇంత తెలిసినవాళ్లం అమెరికా పేరు చెప్పగానే ఎందుకు మెత్తబడతామన్నది కొన్నాళ్లుగా వేధిస్తున్న ప్రశ్న.

ఈ మధ్య ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు కలిశారు. కొడుకు డాలస్‌లో పదేళ్లకు పైగా హెచ్‌1బీ మీదే ఉన్నాడు. గ్రీన్‌కార్డు క్యూ కదలడం లేదు. మనుమరాలికి పదిహేడేళ్లు, ఇరవై ఒకటి నిండితే తండ్రి వీసా నీడన ఉండే వీలుండదు. ఆ దిగులుతో, అక్కడ పెట్టుబడి పెడితే గ్రీన్‌కార్డు వస్తుందని ఒకాయన చెప్పగా, ఆయన రోడ్డు పక్క భూమి అమ్మకానికి పెట్టారు. సంచిలోంచి నున్నటి కాగితం మీద అచ్చేసిన పుస్తకం ఒకటి తీసి బల్లమీద పరిచారు. చెరువు ఒడ్డున హోటలు, పక్కన పచ్చిక, పచ్చిక మీద పిల్లలు.

"ఇది ఏ రాష్ట్రంలో ఉంది సార్?"

ఆయన కళ్లద్దాలు సవరించుకొని పుస్తకం తిరగేశారు. రాష్ట్రం పేరు దొరికింది. ఊరి పేరు దొరకలేదు.

"ఇది ఫొటోనా, బొమ్మనా?"

కాసేపు పరీక్షగా చూసి, "బొమ్మే" అన్నారు. తర్వాత తనే, "చెప్పినాయన మనోడే. మాకు దూరపు చుట్టరికం కూడా ఉన్నది" అన్నారు.

అమ్మబోయే భూమికి తాత పేరు మీది పహాణీ నుంచి నిన్నటి పాసుపుస్తకం దాకా వరుస తప్పకుండా ఫైలు కట్టి ఉంచిన మనిషాయన. ఆ భూమిని మింగబోయే హోటలు ఏ ఊళ్లో ఉందో ఆయనకు తెలియదు.

సంగతి తెలియనివారి కోసం క్లుప్తంగా చెప్పాలి. అమెరికాలో పెట్టుబడి పెట్టి పదిమందికి పూర్తికాలపు ఉద్యోగాలు కల్పించినవారికి గ్రీన్‌కార్డు ఇచ్చే పద్ధతి 1990 చట్టంతో వచ్చింది. దాన్నే ఈబీ-5 అంటారు. మొదట్లో పది లక్షల డాలర్లు, వెనుకబడిన ప్రాంతాల్లోనైతే అయిదు లక్షలు ఉండేది. 2022 మార్చిలో వచ్చిన సంస్కరణ చట్టం దాన్ని పదిన్నర లక్షలు, ఎనిమిది లక్షలు చేసింది. ఎనిమిది లక్షల డాలర్లంటే మన లెక్కలో ఏడు కోట్ల పైమాట. ప్రాజెక్టువాళ్లు నిర్వహణ రుసుం పేరుతో తీసుకునేది, లాయరు ఫీజు, వీసా ఫీజులు అన్నీ దీనికి అదనం. ముందు వచ్చేది రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డు. ఉద్యోగాలు నిజంగా వచ్చాయని రుజువు చేసుకుంటేనే షరతులు తొలగుతాయి. ఎక్కువమంది సొంతంగా వ్యాపారం పెట్టరు. రీజినల్ సెంటర్లు అనే సంస్థలు పదుల మంది డబ్బు పోగేసి ఏ హోటలుకో, అపార్ట్‌మెంట్లకో అప్పుగా ఇస్తాయి. మనవాళ్లకు చేరే నున్నటి పుస్తకాలు ఈ సంస్థలవే.

ఇందులో ఒక చిత్రం ఉంది. కొత్త చట్టం ప్రకారం ఈ వీసాల్లో 20 శాతం గ్రామీణ ప్రాంతాల ప్రాజెక్టులకు విడిగా పెట్టారు. దరఖాస్తులూ ముందుగా చూస్తారు. పెద్ద నగరాల పరిధికి బయట ఉండాలి, 20 వేల జనాభా దాటిన పట్టణమై ఉండకూడదు: వాళ్ల లెక్కలో పల్లెటూరంటే అది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు పట్టణాలూ 2011 నాటికే ఆ అంకె దాటేశాయి కాబట్టి వాళ్ల కొలతకు మనం పల్లె కింద లెక్కకు రాము. ఇక్కడి చెలక అమ్మి, ఇంతకంటే చిన్న ఊళ్లో, మనం పేరు కూడా పలకలేని చోట, మేడ కట్టడానికి పంపుతున్నామన్నమాట. తప్పేమీ లేదు. కానీ ఆ ఊరు చూసి పంపాలి కదా.

అమెరికా మాత్రం మనల్ని చూడకుండా వదలదు. ఎనిమిది లక్షల డాలర్లలో ప్రతి డాలరూ ఎక్కడి నుంచి వచ్చిందో అణువణువూ అడుగుతుంది. భూమి అమ్మితే రిజిస్టరైన దస్తావేజు, ఆ భూమి అంతకుముందు ఎవరిదో చెప్పే కాగితం, డబ్బు ఏ ఖాతాలో పడిందో చూపే స్టేట్‌మెంట్, ఆదాయపు పన్ను రిటర్నులు, తండ్రి కొడుక్కి ఇస్తే దాన పత్రం. అన్నింటికీ ఇంగ్లిషు తర్జుమాలు. రిజిస్ట్రేషన్ కాగితంలో ఒక ధర, చేతిలో పెట్టేది ఇంకో ధర అనే మన పాత అలవాటు ఇక్కడ గొంతులో వెలక్కాయ అవుతుంది. సంచిలో వచ్చిన నోట్లకు రుజువు ఉండదు, రుజువు లేని డబ్బు అక్కడ చెల్లదు. మన రిజర్వ్ బ్యాంకు నియమం మరోటి: ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో విదేశాలకు పంపగలిగేది రెండున్నర లక్షల డాలర్లే. అందుకే ఇంట్లో నలుగురి పేర్ల మీద పంపడమో, ఇద్దరైతే కొంత మార్చిలో కొంత ఏప్రిల్‌లో పంపడమో చేస్తుంటారు. పెట్టుబడికైతే ఒక్కొక్కరి మొత్తం పది లక్షల రూపాయలు దాటిన మేరకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటారు. రిటర్ను వేస్తే సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా కోటికి పైగా సొమ్ము అక్కడే ఇరుక్కుంటుంది.

మన డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లు తాత పహాణీ దాకా తవ్వుతారు. ఆ డబ్బు ఎక్కడికి పోతోందో మనం అందులో పదోవంతు తవ్వినా చాలు.

తవ్వనివాళ్లకు ఏమైందో చూడటానికి దూరం పోనక్కర్లేదు, షికాగో చాలు. విమానాశ్రయానికి దగ్గర్లో, కర్బన ఉద్గారాలే లేని హోటళ్లు, సమావేశ మందిరం కడతామని అన్షూ సేఠీ అనే యువకుడు, అతని కంపెనీలు 250 మందికి పైగా పెట్టుబడిదారుల దగ్గర 14.5 కోట్ల డాలర్లు వసూలు చేశారు. రుసుముల పేరుతో మరో కోటి పది లక్షలు. ఎక్కువమంది చైనావాళ్లు. పేరున్న హోటల్ కంపెనీలు సంతకాలు పెట్టాయన్నారు, భవన నిర్మాణ అనుమతులన్నీ వచ్చేశాయన్నారు. 2013 ఫిబ్రవరిలో సెక్, అంటే మన సెబీ లాంటి సంస్థ, కోర్టుకెక్కి చెప్పిన మాట: అవి రెండూ అబద్ధాలే. అసలు సొమ్ములో చాలా భాగం ఖర్చు కాకముందే కోర్టు ఆపగలిగింది. రుసుముల డబ్బులో తొంభై శాతానికి పైగా అప్పటికే కరిగిపోయింది. సేఠీకి 2017లో మూడేళ్ల జైలు పడింది. ఈ అబద్ధం కనిపెట్టడానికి కావలసిందల్లా హోటల్ కంపెనీకి ఒక ఫోను, నగర పాలక సంస్థ అనుమతుల విభాగంలో ఒక్క ఆరా. గట్టు పక్క చేనాయనను అడగడం అంటే అంతే కదా.

వెర్మాంట్ రాష్ట్రంలోని జే పీక్ కథ ఇంకా బాధాకరం, ఎందుకంటే అక్కడ నిజంగానే హోటళ్లు లేచాయి. మంచు కొండల మీద ఆటల రిసార్టు. రీజినల్ సెంటర్‌ను నడిపింది సాక్షాత్తూ ఆ రాష్ట్ర ప్రభుత్వం. కనీసం 74 దేశాల నుంచి 35 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. న్యూపోర్ట్ అనే చిన్న ఊరి నడిబొడ్డున ఒక వరుస భవనాలన్నీ కూలగొట్టి కొత్తవి కడతామన్నారు. మిగిలింది పెద్ద గుంత. 2016 ఏప్రిల్‌లో సెక్ దావా వేసింది. ఒక ప్రాజెక్టు డబ్బు ఇంకో ప్రాజెక్టు తొర్రలో పోశారని, ఇరవై కోట్ల డాలర్లు దారి తప్పాయని ఆరోపణ. యజమాని ఏరియల్ కిరోస్‌కు 2022లో అయిదేళ్ల శిక్ష పడింది. ఇక్కడ చిన్న సంగతి ఒకటుంది. 2012లోనే, వీళ్లకు పెట్టుబడిదారులను తెచ్చిపెట్టిన పాత సంస్థ ఒకటి, ఈ ప్రాజెక్టు లెక్కల మీద తమకిక నమ్మకం లేదని వలస లాయర్లకు ఈమెయిల్ పంపింది. నాలుగేళ్ల ముందే ఊళ్లో మాట పుట్టింది. వినాల్సినవాళ్ల చెవిన పడలేదు.

చైనావాళ్ల కథలు మనకెందుకు అనుకుంటారేమో. మన కథా ఉంది, వీసా రకం మాత్రం వేరు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో వీసాల కోసమే నడిపిన ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద అధికారుల దాడి జరిగినప్పుడు, పదిహేను వందల పైచిలుకు విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వాళ్లలోనూ ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. రికార్డుల్లో సగానికి పైగా విద్యార్థుల చిరునామా సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంట్. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. ఆ యూనివర్సిటీ నడిపిన ఆవిడకు తర్వాత పదహారేళ్ల జైలు పడింది. ఎనిమిదేళ్లకు, 2019 జనవరిలో, మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. టీచర్లు లేరు, తరగతుల్లేవు. అది అమెరికా ప్రభుత్వమే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. అరెస్టయిన ఎనిమిది మంది దళారుల్లోనూ తెలుగువారే ఎక్కువ. మనోడే.

ఫార్మింగ్టన్ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఆ యూనివర్సిటీ పేరు అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటులో అనుమతి ఉన్న విద్యాసంస్థల జాబితాలో ఉంది. అంటే "ప్రభుత్వ జాబితాలో చూసుకోండి" అన్న సలహా ఆ పిల్లలను కాపాడేది కాదు. ఈబీ-5లోనూ ఇదే తిరకాసు. రీజినల్ సెంటర్‌కు అనుమతి ఉందనో, ప్రాజెక్టుకు ఐ-956ఎఫ్ ఆమోదం వచ్చిందనో చూపిస్తారు. ఆ కాగితం ప్రాజెక్టు వలస చట్టానికి సరిపోతుందని చెబుతుంది. వ్యాపారం నిలబడుతుందని గానీ, డబ్బు తిరిగొస్తుందని గానీ చెప్పదు. లేఅవుట్‌కు డీటీసీపీ అనుమతి ఉన్నంత మాత్రాన ప్లాటు ధర పెరుగుతుందని ఎవరైనా పూచీ ఇస్తారా?

మరి ఏం చూడాలి? మనకు తెలిసినవే చూడాలి, పేర్లే వేరు. స్థలం ఎవరి పేరు మీద ఉందో అక్కడి కౌంటీ రికార్డుల ఆఫీసు చెబుతుంది. చాలా కౌంటీలు ఇంటర్నెట్‌లోనే చూపిస్తాయి. దాని మీదున్న తనఖాలూ అక్కడే కనిపిస్తాయి. మన పహాణీ, ఈసీ రెండూ ఒకే చోట దొరికినట్టు. డెవలపర్ మీద పాత దావాలు, దివాలాలు ఉన్నాయేమో అమెరికా ఫెడరల్ కోర్టుల రికార్డు పోర్టల్లో పేజీకి పది సెంట్లు కట్టి ఎవరైనా తీసుకోవచ్చు. కంపెనీ పెట్టుబడి పత్రాలు సెక్ దగ్గర దాఖలు చేసిందో లేదో సెక్ వెబ్‌సైటులోనే వెతకొచ్చు.

వీటన్నిటికంటే మిన్న, డబ్బు పొరలు. వంద రూపాయల ప్రాజెక్టులో బ్యాంకు అప్పెంత, డెవలపర్ సొంత సొమ్మెంత, మనలాంటివారి ఈబీ-5 సొమ్మెంత? హోటలు మునిగితే ముందు బ్యాంకు తన వంతు తీసుకుంటుంది, మిగిలితేనే మనకు. ఆస్తి పంపకంలో మన వాటా ఎన్నో వరసలో ఉందో తెలుసుకోకుండా ఎవరైనా సంతకం పెడతారా? డెవలపర్ సొంత డబ్బు పెద్దగా లేదంటే, పేక మేడలో మనమే అడుగు పేక. ఉద్యోగాల లెక్కలోనూ వెసులుబాటు ఉండాలి. యాభై మంది పెట్టుబడిదారులుంటే అయిదు వందల ఉద్యోగాలు కావాలి. లెక్క సరిగ్గా అయిదు వందల దగ్గరే ఆగిందంటే, పని కాస్త తగ్గినా ఎవరో ఒకరి గ్రీన్‌కార్డు గాల్లో దీపం. పని ఇప్పటికే మొదలై గోడలు లేచినచోట ఈ భయం తక్కువ.

హెడ్మాస్టరు గారి పుస్తకంలో చివరి పేజీలో పెద్ద అక్షరాలతో ఒక మాట ఉంది: అసలుకు పూర్తి హామీ. అది చూడగానే లేవదీసి పక్కన పెట్టాల్సిన పుస్తకం అది. ఎందుకంటే ఈబీ-5 చట్టం ప్రకారం డబ్బు నష్టానికి సిద్ధపడి పెట్టినదై ఉండాలి. తిరిగి ఇస్తామని హామీ ఉంటే అది పెట్టుబడి కిందే లెక్కకు రాదు, దరఖాస్తు తిరస్కరిస్తారు. కాబట్టి హామీ ఇచ్చేవారు అబద్ధమైనా ఆడుతుండాలి, లేదా మన వీసాకే గొయ్యి తవ్వుతుండాలి. ఈ ఒక్క సంగతి వినగానే మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు.

ఇంకో ప్రశ్న మనవాళ్లు మొహమాటపడి అడగరు: మీ కమీషనెంత? ప్లాటు దళారిని రెండు శాతమా, ఒక శాతమా అని నడిరోడ్డు మీద అడుగుతాం. కోటు వేసుకున్న కన్సల్టెంటును అడగడానికి నోరు రాదు. 2022 చట్టం ఇలాంటి ప్రమోటర్లు నమోదు చేసుకోవాలనీ, వాళ్లకు ముట్టేది పెట్టుబడిదారుకు రాతపూర్వకంగా చెప్పాలనీ నియమం పెట్టింది. కాబట్టి అడగడం మర్యాద తప్పడం కాదు, హక్కు.

తొందరపెట్టడం దళారుల పాత ఆయుధం, ఇప్పుడు వాళ్ల చేతికి ఒక తేదీ కూడా దొరికింది. 2026 సెప్టెంబర్ 30 లోగా దరఖాస్తు పెట్టినవారికి, ఆ తర్వాత పథకం ఆగినా రక్షణ ఉంటుందని చట్టంలో ఉంది. తేదీ నిజమే. కానీ తేదీ దగ్గరపడిందని చెడ్డ ప్రాజెక్టు మంచిదైపోదు. హెచ్‌1బీ కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుం అని 2025 సెప్టెంబర్‌లో ప్రకటన వెలువడ్డాక మన ఇళ్లలో కంగారు పెరిగిన మాటా నిజమే. కంగారులో ఉన్న ఇంటి తలుపే ముందు తడతారు.

పత్రికలవాళ్లం నీతులు చెప్పడానికి వెనకాడాల్సిన సందర్భమూ ఒకటుంది. 2025 జులైలో, లక్ష దిర్హాములు, అంటే సుమారు 23 లక్షల రూపాయలు కడితే భారతీయులకు దుబాయ్ జీవితకాల గోల్డెన్ వీసా అని దేశమంతా వార్త గుప్పుమంది. తెలుగు పత్రికలూ, చానళ్లూ ఎత్తుకున్నాయి. రోజుల్లోనే అలాంటిదేమీ లేదని యూఏఈ అధికారులు ఖండించారు. పళ్లు చూడకుండా ఎద్దును కొన్నది ఆ వారం మేమే. ఆ సిగ్గు ఈ నాలుగు మాటలు రాయడానికి ఒక కారణం.

ఈబీ-5 ద్వారా వెళ్లి, సొమ్ము వెనక్కి తెచ్చుకొని, హాయిగా ఉన్న కుటుంబాలూ ఉన్నాయి. పథకం మోసం అని చెప్పడం మా ఉద్దేశం కాదు. మాస్టారు తన పుస్తకం సంచిలో పెట్టుకొని, "అయితే భూమి అమ్మనా, వద్దా?" అని అడిగారు. అది ఆయన, కొడుకు, కోడలు కూర్చొని తేల్చుకోవాల్సిన మాట. మేం చెప్పగలిగింది ఒక్కటే. డాలస్ నుంచి ఆ ఊరికి విమానం టికెట్టు కొన్ని వందల డాలర్లు. కొడుకును ఒక శనివారం అక్కడికి పోయి, ఆ స్థలం మీద నిలబడి, పక్క దుకాణంలో ఇద్దరిని అడిగి, అక్కడి నుంచే వీడియో కాల్ చేయమనండి. ఆ ఫోను వచ్చేదాకా బయానా పుచ్చుకోకండి.